ఎడమకాలి పని ఎడమచేతికి

1979 మార్చిలో నా భార్యకు ప్రధానోపాధ్యాయురాలిగా పదోన్నతి ఉత్తర్వు వచ్చింది. అప్పటిదాకా ఆమె తిరుపతిలో, మా ఇంటికి రెండు వీధుల అవతలి బడిలో లెక్కలు చెప్పేది. కొత్త ఉద్యోగం చంద్రగిరిలో. జూన్‌లో బళ్లు తెరిచేనాటికి అక్కడ చేరాలి, లేదా పదోన్నతి వద్దని రాసివ్వాలి. ఉత్తర్వు చేతికి వచ్చిన సాయంత్రం ఆమె ముఖంలో సంతోషం కనిపించలేదు. కాగితాన్ని మడిచి పోపులపెట్టె కింద పెట్టి, అన్నం వడ్డించింది.

కారణం ఆమె ఎడమకాలు. మూడేళ్ల వయసులో వచ్చిన జ్వరం తగ్గిపోయింది గాని ఆ కాలిలోని సత్తువను వెంట తీసుకుపోయింది. ఎడమచేత్తో కర్ర ఊతంగా పట్టుకుని బడికి నడిచి వెళ్లేది, నడిచి వచ్చేది. ఆమె నా మేనమామ కూతురు. చిన్నప్పుడు సైకిలు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ఆమెను ఊరంతా తిప్పినవాణ్ణి నేనే. అందువల్ల ఆ కాలు మా ఇంట్లో ఎవరికీ కొత్త కాదు. కొత్తగా వచ్చి పడ్డది బస్సు మెట్టు. అది నేలకు అడుగున్నర ఎత్తున ఉండేది. ఆమె ఎక్కాలంటే వెనకనుంచి ఎవరో ఒకరు చంకల కింద చేతులు వేసి ఎత్తాలి.

“ఎత్తేవాళ్లంతా మంచోళ్లే బావా,” అన్నది, పీట మీద కూర్చుని మజ్జిగ కలుపుతూ. “కండక్టరు మంచోడే. కాలేజీ పిల్లోళ్లూ మంచోళ్లే. కానీ దినామూ మూటను ఎత్తినట్టు ఎత్తించుకోని పోయి, ఆడ పెద్ద కుర్చీలో కూర్చోని, పిల్లోళ్లకు మీ కాళ్ల మీద మీరు నిలబడండి అని చెప్పాల్నా?”

స్కూటరు మీద నేనే దించి వస్తానన్నాను. నాది ఆడిటు ఉద్యోగం. నెలలో సగం రోజులు చిత్తూరు, ఏర్పేడు, పుత్తూరు అంటూ తిరుగుతూనే ఉండేవాణ్ణి.

“నువ్వు క్యాంపు పోయినప్పుడల్లా నేను సెలవు పెట్టాల్నా?” అని అడిగింది. స్కూటరుకు పక్క చక్రాలు బిగించి ఒకసారి ఆమె చేత నడిపించాను. మొదటి మలుపులోనే బండి ఒరిగి ఇద్దరమూ మురుగు కాలువలో పడ్డాము. ఇక కొత్త కారు కొనే స్తోమత మాకు లేదు. ఉన్నవాళ్లు కూడా పేరు నమోదు చేయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడవలసిన కాలమది.

ఏప్రిల్ మొదటి వారంలో పని మీద చిత్తూరు వెళ్లి, దూరపు బంధువైన ఒక మామిడికాయల వ్యాపారి ఇంట్లో దిగాను. కాయ దిగే రోజులు దగ్గరపడుతున్నాయి. ఆయన కూలీల చేత షెడ్డు ఖాళీ చేయిస్తున్నాడు. విరిగిన గంపలు, పాత వరిగడ్డి బయటికి వచ్చిన కొద్దీ లోపల ఒక వింత బండి తేలింది. రెండే సీట్లు. పొడుగాటి మూతి. పైకప్పు లేదు. సైకిలుకు ఉన్నట్టు తీగల చక్రాలు, వాటి నిండా ఎలుకలు దాచిన టెంకలు.

“ఇది యాడిదప్పా?” అన్నాను.

“మా నాయన యాలంలో పాడినాడు. దొరలు పందేలకు తోలే బండి అంట. పైన కప్పుండాదా లేదా అని కూడా సూసుకోకుండా పాడినాడు మహానుబావుడు,” అన్నాడు ఆయన. “సంసారి ఎక్కే బండేనా ఇది? పెండ్లామును ఎక్కిస్తే పిల్లోళ్లకు సోటు లేదు, పిల్లోళ్లను ఎక్కిస్తే పెండ్లాము ఊరుకోదు. ఇన్నేండ్లూ గంపలు మోసినాది. కాయ దిగేలోపల తీస్కపోయేవాడుంటే సరి, లేకుంటే పాత ఇనుపోనికే.”

నేను ఇంజను వైపు చూడలేదు, తలుపు వైపు చూశాను. అది నడుము దగ్గర కత్తిరించినట్టు కిందికి వంగి ఉంది. సీటు నా మోకాలి కంటే తక్కువ ఎత్తులో ఉంది. తలుపు తీసి, రోడ్డు వైపు ముఖం పెట్టి సీటు అంచున కూర్చున్నాను. తరువాత రెండు కాళ్లూ ఎత్తి లోపలికి తిప్పుకున్నాను. ఎక్కవలసిన పని లేదు, కూర్చుంటే చాలు. గాలికి దొరకకుండా పరుగెత్తాలని నేలకు ఆనించి కట్టిన బండి, మెట్టు ఎక్కలేని మనిషికి ఇంట్లో కుర్చీ ఎంత ఎత్తో సరిగ్గా అంత ఎత్తున ఉంది. ఆ వారమే దాన్ని లారీలో ఖాళీ గంపల మధ్య తిరుపతికి తెచ్చాను. దానికి పెట్టిన ఖర్చు పద్దులు నా దగ్గర పైసలతో సహా ఉన్నాయి. ఇక్కడ వాటితో పని లేదు.

మా పెరట్లో జామచెట్టు పక్కన బండిని దించేసరికి వీధివాళ్లు గోడ మీదుగా చూడడం మొదలుపెట్టారు. పక్కింటి పెద్దాయన రోజూ పళ్లు తోముకుంటూ వచ్చి పలకరించేవాడు.

“ఏమప్పా, పైకప్పు యాడ పోయింది? మామిడికాయలకు మారు బేరం ఇచ్చేసినావా?”

“కుట్టిస్తాము పెద్దాయనా, టార్పాలిన్‌తో.”

“కుట్టియ్యి, కుట్టియ్యి. బండికి రైకా పావడా కూడా కుట్టియ్యి.”

పాతబస్టాండు దగ్గర లేతు నడిపే మేస్త్రి ఒకాయన ఆదివారాలు మా పెరటికి వచ్చేవాడు. మిగతా రోజులు తెల్లవారగానే, మళ్లీ ఆఫీసు విడిచాక నేనే పని చేసుకునేవాణ్ణి. రేకు కింద ఉన్న కొయ్య చట్రాన్ని చెదలు తినేశాయి. ముట్టుకుంటే పిండిలా రాలింది. వడ్రంగి చేత వేపకొయ్యతో కొత్త చట్రం చేయించాను. రేడియేటరుకు మాటు వేయించాను. చక్రాల తీగల్లో తుప్పు పట్టినవి తీసేసి, మోటారు సైకిలు తీగల్ని కోసి, మరలు తిప్పించి బిగించాము. చక్రాలను కప్పే ముందు రెక్కల సొట్టలు తీయడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. రేకు వెనక ఇసుక సంచి పెట్టి, చింతకొయ్య సుత్తితో కొద్దికొద్దిగా తట్టుతూ, అరచేత్తో తడిమి చూసుకుంటూ పోవాలి. కంటికి కనపడని సొట్ట చేతికి తెలుస్తుంది.

రంగు విషయంలో మాత్రం ఆమెను అడిగాను. బండి అసలు రంగు ఎరుపు.

“ఎరుపు వొద్దు బావా,” అన్నది. “నలుగురూ తిరిగి చూసే రంగు ఏదీ వొద్దు. నేను నడస్తా ఉంటే చూసింది చాలు.” మళ్లీ తనే, “తడిసిన చింతాకు రంగు దొరుకుతాదా?” అని అడిగింది. రెండు డబ్బాలు కలిపి ఆ రంగు వచ్చేదాకా రేకు ముక్కల మీద పూసి చూపించాను.

అసలు చిక్కు క్లచ్చి. కుడికాలు బాగానే పనిచేస్తుంది కనుక బ్రేకుకూ వేగానికీ ఇబ్బంది లేదు. గేరు మార్చే ముందు ప్రతిసారీ క్లచ్చిని ఎడమకాలితోనే తొక్కాలి. దాన్ని ఏం చేయాలో నాకు తోచలేదు. తోవ చూపింది ఆమే. ఒక సాయంత్రం స్కూటరు మీద నా వెనక కూర్చుని గోవిందరాజస్వామి గుడి నుంచి వస్తూ, “బావా, నీ ఎడమచెయ్యి చూస్తా ఉండాను. నువ్వు క్లచ్చి నొక్కేదీ ఆ చేత్తోనే, గేరు తిప్పేదీ ఆ చేత్తోనే. కారు ఏం పాపం చేసింది?” అన్నది.

మరుసటి ఆదివారమే మేస్త్రి, నేను పని మొదలుపెట్టాము. గేరు కడ్డీకి వెనక, దానికి సమంగా నిలువుగా ఒక ఇనుప పిడి అమర్చాము. దాని అడుగునుంచి ఒక తీగ కింద ఉన్న క్లచ్చికి పోతుంది. కడ్డీని, పిడిని కలిపి గుప్పిట పట్టి నొక్కితే క్లచ్చి తొక్కినట్టు. పట్టు వదలకుండా కడ్డీని జరిపితే గేరు పడినట్టు. ఆడమనిషి చెయ్యి కదా, బరువు తెలియకూడదని పిడిని బాగా పొడుగు చేయించాను. ఎంత పొడుగైతే అంత తేలిక. క్లచ్చి లోపలి స్ప్రింగులు కూడా మెత్తనివి వేయించాను.

“పందెం గుర్రానికి పాలబువ్వ పెడతాండావు సార్,” అన్నాడు మేస్త్రి. “కొండెక్కమంటే కూసుంటాది ఇది.”

“కొండ ఎక్కేది లేదు మేస్త్రీ. చంద్రగిరి పోయి వస్తే చాలు.”

మే నెల సగమయ్యేసరికి బండి సిద్ధమైంది. నేను నడిపి చూశాను. మేస్త్రి నడిపి చూశాడు. రెండు వేళ్లతో నొక్కినా పిడి కదిలేది. ఒక శుక్రవారం సాయంత్రం బండిని మా ఇంటి వెనకనున్న ఖాళీ వీధిలోకి తీసుకువెళ్లి, ఆమెను స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి, నేను పక్క సీట్లో కూర్చున్నాను. మా అమ్మ గేటు దగ్గర నిలబడి చూస్తోంది. నా భార్య పిడి నొక్కింది, మొదటి గేరు వేసింది. బండి కదిలింది. రెండో గేరు వేసింది. పట్టు వదిలిన క్షణంలో టపటపమని చప్పుడైంది.

పిడి కొన ఆమె మణికట్టు దాకా వచ్చి గాజుల్లో దూరింది. పట్టు వదలగానే అది వెనక్కి ఎగిరి, గాజుల్ని లాగి చిట్లగొట్టింది. సీటు నిండా పచ్చ గాజుముక్కలు. మణికట్టు మీద సన్నని నెత్తురు గీత. నేను, మేస్త్రి ఎన్నిసార్లు పరీక్షించామో! మా ఇద్దరి చేతులకూ గాజులు లేవు.

మా అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. గాజుముక్కలన్నీ ఏరి కొంగులో వేసుకుంటూ నన్ను తిట్టింది.

“శుక్రారం పూట, ముత్తైదవ సెయ్యిరా అది! నీ పెండ్లాము గాజులు నువ్వు సేసిన ఇనుమే పగలగొట్టినాదే, ఇంతకంటే ఏం సెప్పల్ల నీకు దేవుడు? ఆ అమ్మి ఇంక దీంట్లో కూసునేదానికి లేదు.”

“అమ్మా, గాజులదేముంది,” అని మొదలుపెట్టి, అప్పటికప్పుడు నాకు తోచిన ఉపాయం చెప్పాను. “బండి నడిపేటప్పుడు ఎడమచేతి గాజులు తీసిపెడితే సరిపోతుంది. దిగినాక మళ్లీ వేసుకుంటుంది.”

మా అమ్మ రెండు చెవులూ మూసుకుంది. నా భార్య మణికట్టుకు తడిగుడ్డ చుట్టుకుంటూ నా వైపు చూసింది. శకునాలను ఆమె పెద్దగా పట్టించుకునేది కాదు. అందుకే ఆమె మాట నాకు మరీ గట్టిగా తగిలింది.

“నా కాలు బస్సుకు సరిపోలేదన్నారు. సరే. ఇప్పుడు నా చెయ్యి నీ కారుకు సరిపోలేదంటావా బావా? మీరు చేసే ప్రతిదానికీ నన్నే కోసుకోమంటే యాడ కోసుకునేది?”

బండి మీద టార్పాలిన్ కప్పేశాను. సోమవారం ఉదయం ఆమె నన్ను తెల్లకాగితం అడిగింది.

“ఎందుకు?”

“వొద్దని రాసిచ్చేస్తా. గడువు దాటినాక రాస్తే మర్యాదగా ఉండదు.”

కాగితం ఇచ్చాను. ఆమె నేల మీద కూర్చుని, పీట మీద కాగితం పెట్టుకుని ‘అయ్యా’ అని రాసి, కలంలో సిరా అయిపోవడంతో లేవబోయింది. నేను తెచ్చి ఇస్తానన్నా వినలేదు. ఎడమచేత్తో కర్ర పట్టుకుని, ఆ ఒక్క చేతి బలంతో ఒంటి బరువునంతా పైకి లేపింది. ఆమె లేవడం నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. ఆ పూట మాత్రం నా చూపు కాలి మీద కాక చేతి మీద పడింది. మణికట్టు నుంచి మోచేతి దాకా నరాలు పురికొసల్లా లేచి నిలబడ్డాయి.

“ఒకసారి ఆ చేత్తో నా చెయ్యి నొక్కు,” అన్నాను.

“ఇప్పుడేమి సరసం బావా?”

“సరసం కాదు. నొక్కు. నీకు ఉన్న బలమంతా పెట్టు.”

నొక్కింది. నా వేలి ఎముకలు ఒకదానిమీద ఒకటి ఎక్కాయి. నేను కేకవేసేసరికి మా అమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది.

“బలమంతా అన్నావే, ఇంకా ఉండాది, పెట్టాల్నా?” అని ఆమె అడిగింది. కాలి బరువును ముప్ఫై ఏళ్లకు పైగా మోసిన చెయ్యి అది. నా చేతికంటే, మేస్త్రి చేతికంటే గట్టిది. దాని కోసం నేను తేలిక, తేలిక అంటూ పిడిని మణికట్టు దాకా పెంచాను. పిడి అంత పొడుగు ఉండనవసరమే లేదు.

కాగితం అలాగే పీట మీద ఉండిపోయింది. నేను టేపు తెచ్చి ఆమె ఎదుట కూర్చున్నాను. బండి చట్రం, తలుపు, సీటు, టార్పాలిన్ — అన్నీ అంగుళంలో పావు వంతు తేడా రాకుండా కొలిచినవాణ్ణి, ఆమె చేతిని కొలవడం అదే మొదటిసారి. గుప్పిట మూయించి నాలుగు వేళ్ల వెడల్పు రాసుకున్నాను. చెయ్యి చాపించి గాజులు ఎక్కడిదాకా జారతాయో, చెయ్యి పైకెత్తించి ఎక్కడ ఆగుతాయో చూశాను. ఆమె మధ్యలో నవ్వింది. “గాజులోడు కూడా ఇంత కొలవడు. వాడు చెయ్యి చూస్తానే సైజు చెప్తాడు, నువ్వు పదైదేండ్లు కాపురం చేసి టేపు పెడతాండావు.”

మేస్త్రి పిడిని కోసి సగానికి తగ్గించాడు. సరిగ్గా నాలుగు వేళ్లకు సరిపోయేంత మిగిలింది. కొనను గుండ్రంగా అరగదీసి, తోలు కుట్టించాము. బరువు పెరిగింది. నేను నొక్కి చూస్తే మూడోసారికి చెయ్యి నొప్పి పుట్టింది. ఆమె కూర్చుని నొక్కి, “ఇప్పుడు తెలస్తాంది, ఏదో పట్టుకున్నట్టు. మునుపటిది చేతిలో ఉండాదో లేదో తెలిసేది కాదు,” అన్నది.

మిగిలింది మా అమ్మ. ఆమె వాదనకు దిగలేదు. వీధిలో పోతున్న గాజులామెను పిలిచి అరుగు మీద కూర్చోబెట్టింది. కోడలి ఎడమచెయ్యి చూపించి, “ఎప్పుడూ ఏసే ఆరు కాదు, డజను ఎయ్యి,” అన్నది.

“డజనెందుకత్తా, మోచెయ్యి దాకా వస్తాయి.”

“రానీ. సూస్తా.”

గాజులు వేయించాక, చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని, మా అమ్మ తానే వెళ్లి బండిలో ఎడమ సీట్లో కూర్చుంది. “పోనీమ్మీ,” అన్నది. నేను గేటు దగ్గర నిలబడ్డాను. బండి వెనక వీధిలోకి తిరిగింది, మలుపు దాటింది, చాలాసేపటికి రెండో వైపునుంచి వచ్చింది. అంతసేపూ మా అమ్మ దారి వైపు ఒక్కసారి కూడా చూడలేదట. కోడలి మణికట్టు మీద నుంచి కళ్లు తీయలేదట. దారిలో గేదె అడ్డం వచ్చినా ఆమెకు తెలియలేదట. దిగి, గాజులను ఒకటొకటిగా జరిపి చూసి, నాతో కాక కోడలితోనే మాట్లాడింది.

“బాగనే ఉండాది. గాలికి కొంగు ఎగరతాంది, బుజానికి పిన్ను పెట్టుకో.”

రోజూ తెల్లవారుజామున వెనక వీధిలో నడిపి, చెయ్యి తిరిగాక లైసెన్సు పరీక్షకు వెళ్లినప్పుడు, బండి చూడవలసిన అధికారి ఆమెను నడిపించి చూశాక తాను కూడా ఎక్కి కూర్చున్నాడు. పిడిని నొక్కి, చెయ్యి విదిలించుకుని, మరోసారి రెండు చేతులతో నొక్కాడు. “మేడమ్, ఇది మీరే తోలల్ల. దొంగోడు కూడా ఎత్తుకపోలేడు,” అని నవ్వుతూ సంతకం పెట్టాడు.

జూన్‌లో బళ్లు తెరిచిన ఉదయం నేను ముందుగానే స్కూటరు తుడిచి, చంద్రగిరి వైపు తిప్పి వీధిలో నిలబెట్టాను. ఆమె కర్రను పక్క సీట్లో ఆనించి, కొంగుకు పిన్ను పెట్టుకుని, అద్దం సరిచేసుకుంది. అద్దంలో స్కూటరు కనబడింది.

“యాడికి బావా?”

“ఆఫీసుకు.”

“ఆఫీసు ఉండేది ఆ పక్క కదా? చూడు, ముందే చెప్తాండా. చంద్రగిరి రోడ్డులో ఈ అద్దంలో నువ్వు కనపడితివా, ఆడ్నే బండి ఆపేసి దిగి కూర్చుంటా.”

నేను ఆఫీసుకే వెళ్లాను. ఒకే పద్దును మూడుసార్లు కూడితే మూడు మొత్తాలు వచ్చాయి. మా పెద్దగుమాస్తా అది చూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. అయిదు కొట్టకముందే ఇంటికి చేరి, గేటు తీసిపెట్టి నిలబడ్డాను. మా అమ్మ లోపలనుంచి రెండుసార్లు వచ్చి, వీధి చివరిదాకా చూసి వెళ్లింది.

బండి చప్పుడు ముందు వినిపించింది, తరువాత చింతాకు రంగు మూతి కనిపించింది. ఆమె నెమ్మదిగా గేటులోకి తిప్పి, జామచెట్టు పక్కన ఆపింది. ముఖం నిండా దుమ్ము, చెమట. ఎడమ ముందు రెక్క మీద నా అరచెయ్యి పట్టేంత సొట్ట. నేను రోజుల తరబడి చింతకొయ్య సుత్తితో తట్టి నున్నగా చేసిన రెక్క అది. నా చెయ్యి దానంతట అదే అక్కడికి పోయింది.

“బడి గేటు స్తంభం,” అన్నది ఆమె. “మలుపు కొంచెం ముందే తిప్పినా.”

“దెబ్బ ఏమన్నా—”

“నాకేం కాలేదు. పిల్లోళ్లు, అయివార్లు, అందరూ చూస్తా ఉండారు. ప్యూను పరిగెత్తుకోని వచ్చినాడు, దించుతానమ్మా అని. వొద్దన్నా. నేనే బండి వెనక్కి తీసినా, మళ్లీ తిప్పి చెట్టు కింద సరిగ్గా పెట్టినా. నేనే దిగినా. పొయ్యి నా కుర్చీలో కూర్చున్నా.” ఆమె కాళ్లు బయటికి తిప్పుకుని, కర్ర నేల మీద ఆనించింది. “ఒక్కరు ముట్టుకోలేదు బావా, పొద్దున్నుంచి.”

“ఆదివారం మేస్త్రిని పిలిచి ఆ సొట్ట తీయిస్తాను,” అన్నాను.

“తీయించొద్దు.”

“చూడ్డానికి బాగుండదు కదా?”

“నువ్వు చేసినవి ఈ బండినిండా ఉండాయి. అదొకటి నేను చేసింది. ఉండనీ.”

చెయ్యి తీసేశాను. ఆ బండి మా ఇంట్లో తొమ్మిదేళ్లు ఉంది. ఆమె చంద్రగిరి బడిలో ఉన్నన్నాళ్లూ దాంట్లోనే వెళ్లివచ్చింది. రెండుసార్లు రంగు వేయించాము. రంగులవాడు ముందు సొట్ట పూడ్చడానికే పూనుకునేవాడు. దాన్ని అలాగే ఉంచి దాని మీదే రంగు వేయమని రెండుసార్లూ నేనే దగ్గర నిలబడి చెప్పవలసి వచ్చింది.